ఒక నిమిషం ముందు నుంచి

కళ్ళజోళ్ళ దుకాణంలో ఆమెను అందరూ పావు అనే పిలుస్తారు. ఆ పేరు పెట్టింది యజమాని. డాక్టరు చీటీలో రాసిన సైటుకీ, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అద్దానికీ పావు పాయింటు తేడా ఉన్నా ఆమె దాన్ని వెనక్కి పంపేది.

"పావు పాయింటుకి ఎవరి కళ్ళూ పోవు తల్లీ" అని ఆయన మొత్తుకునేవాడు.

"కళ్ళు పోవండీ. సాయంత్రానికి తలనొప్పి వస్తుంది. ఎందుకొచ్చిందో మాత్రం వాళ్ళకి ఎప్పటికీ తెలీదు" అనేది ఆమె.

మొదట్లో వేళాకోళంగా పావు పాయింటమ్మ అన్నారు. వాడగా వాడగా పాయింటు అరిగిపోయి పావు మిగిలింది.

ఇరవై అయిదేళ్ళ మనిషి. జుట్టు మెడ దాకా కత్తిరించుకుని, తెల్లకోటు వేసుకుని, దుకాణం వెనక గదిలో కూర్చుంటుంది. అక్కడ అద్దాన్ని ఫ్రేము ఆకారానికి అరగదీసే యంత్రం ఉంది. అద్దం బిగించి మీట నొక్కితే రెండు నిమిషాలు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతుంది. ఆ రెండు నిమిషాలూ ఆమెకు పనుండదు. పనికిరాని పాత చీటీల వెనక కవితలు రాసుకునేది.

ఆడపిల్లల మీదే తన మనసు పోతుందని ఆమెకు పదిహేడో ఏట తెలిసింది. ఇంట్లోవాళ్ళకు తెలిసిన తీరు మాత్రం వేరు.

అప్పట్లో వాళ్ళది కింది వాటా. పై వాటాలో ఒక స్కూలు టీచరమ్మ, ఆమె కూతురు ఉండేవారు. కూతురిదీ, పావుదీ ఒకే క్లాసు. పరీక్షలకు చదువుకోవడానికి ఇద్దరూ డాబా మీద నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చునేవారు. ఎనిమిది నెలలు అలా గడిచాయి. ఆ ఎనిమిది నెలల్లో చదివిన పాఠాలేవీ పావుకు గుర్తులేవు. మేడమీది పిల్ల ఎడమ చెవి కింద కాలిన మచ్చ ఒకటుండేది, గోరంత. అది గుర్తుంది. నవ్వు ఆపుకోవాలంటే ఆ పిల్ల తన పుస్తకం మూలని పళ్ళతో కొరికేది. అది గుర్తుంది.

ఒక మధ్యాహ్నం టీచరమ్మ స్కూలు నుంచి తొందరగా వచ్చి, బట్టలు తీద్దామని డాబా ఎక్కింది.

పది నిమిషాల తర్వాత కింది వాటా ముందుగదిలో అయిదుగురు నిలబడి ఉన్నారు. పావు, అమ్మ, నాన్న ఒకవైపు. టీచరమ్మ, కూతురు ఒకవైపు. తలుపులు వేసి ఉన్నాయి. ఎవరు మొదలుపెట్టారు అన్నది ప్రశ్న. మేడమీది పిల్ల నేల చూపులు చూస్తూ చెప్పింది: "అదే. నేను వద్దన్నా వినలేదు."

అది అబద్ధం. అమ్మ పావు చెంప పగలగొట్టింది. నాన్న బయటికి వెళ్ళిపోయాడు. వారం తిరగకుండా పావును వేరే ఊళ్ళో ఉన్న మేనత్త దగ్గరికి పంపేశారు. చదువు అక్కడ సగంలో ఆగింది. తర్వాత కళ్ళజోళ్ళ పని నేర్చుకుంది. మేడమీది పిల్ల నుంచి ఒక ఉత్తరం లేదు, ఒక ఫోను లేదు.

మేనత్త ఇరవై ఆరేళ్ళు బస్సు కండక్టరుగా చేసి దిగిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "ఆ రూట్లో నాకు డ్యూటీ పడలేదు" అనేది. పావు పెట్టెతో గుమ్మంలో నిలబడ్డ రోజున అత్త అడిగింది ఒక్కటే.

"ఆ పిల్లంటే నీకు ఇష్టమేనా, లేక వాళ్ళన్నట్టు నువ్వేదైనా బలవంతం చేశావా?"

"ఇష్టం అత్తా. దానికీ ఇష్టమే."

"సరే, లోపలికి రా. కాళ్ళు కడుక్కో."

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ మాట వాళ్ళిద్దరి మధ్యా రాలేదు.

ఎనిమిదేళ్ళు గడిచాయి. చీటీల వెనక రాసిన కవితల్లో మూడింటిని ఒక వారపత్రిక వేసింది. అవి చదివి, ఊరి లైబ్రరీలో పనిచేసే లైబ్రేరియనమ్మ దుకాణానికే వచ్చి పావును కలిసింది. నెలకొక ఆదివారం మధ్యాహ్నం లైబ్రరీలో కొత్తవాళ్ళ చేత కవితలు చదివిస్తారు. వచ్చేసారి నీది, అంది. ఇరవై కవితలుంటే చిన్న పుస్తకం కూడా వేద్దాం, అంది.

పావు దగ్గర పంతొమ్మిది ఉన్నాయి. అన్నీ డాబా మీదివే, ఆ ఎనిమిది నెలలవే. ఇరవయ్యోది ముందుగదిది. అది మాత్రం రావడం లేదు. ఎన్నిసార్లు కూర్చున్నా ఆ ఒక్క మాట దగ్గరే మొదలయ్యేది. అదే, నేను వద్దన్నా వినలేదు. ఆ కింద పావు 'అబద్ధం' అని రాసేది. మళ్ళీ రాసేది. నొక్కి రాసేసరికి పెన్ను కాగితాన్ని చింపేది. కవిత కాదది, కోర్టులో ఫిర్యాదులా ఉందని ఆమెకే తెలుస్తుండేది.

ఆ ఆదివారానికి ఇంకా ఆరు రోజులున్నాయనగా, సోమవారం పొద్దున్న, యజమాని వెనక గదిలోకి తొంగిచూశాడు.

"పావూ, కొలతలు తీసే కుర్రాడు సెలవు. శుక్లాల ఆపరేషన్ అయిన పెద్దావిడ వచ్చింది. నువ్వే ఒకసారి చూడు."

పావు చీటీ అందుకుంది. మీద పేరు చూసింది. మళ్ళీ చూసింది. తలెత్తితే, కుర్చీలో టీచరమ్మ కూర్చుని ఉంది. జుట్టు సగం నెరిసింది. ఆమె కుర్చీ వెనక చేతిసంచి పట్టుకుని నిలబడ్డ మనిషి పావును అప్పటికే చూసేసింది. మొహం పాలిపోయి ఉంది. ఎడమ చెవి కింద మచ్చ అలాగే ఉంది.

పావు కొలత స్కేలు అందుకుంది.

కనుపాపల మధ్య దూరం కొలవాలంటే ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చోవాలి. చిన్న స్కేలు ముక్కు మీద ఆనించి, ఒక కన్ను మూసి చూడాలి. పావు కూర్చుంది.

"నా ఎడమ కన్ను వైపు చూడండి" అంది.

టీచరమ్మ చూసింది. కళ్ళజోడు లేని ఆ చూపులో పావు ఒక తెల్లకోటు, ఒక మసక మొహం. అంతకుమించి ఏమీ కాదు. ఎనిమిదేళ్ళ కిందట ముందుగదిలో తనను నిలువునా కాల్చిన కళ్ళు అవే. ఇప్పుడు తడిగా, చిన్నపిల్ల కళ్ళలా, చెప్పినవైపు తిరుగుతున్నాయి.

"ఇంతసేపేమ్మా. కొత్తా?" అంది టీచరమ్మ.

"లేదండీ. కదలకండి."

అరవై రెండు మిల్లీమీటర్లు. నమ్మకం కుదరక మూడుసార్లు కొలిచింది. మూడుసార్లూ అంతే వచ్చింది. శనివారం వచ్చి తీసుకెళ్ళమని యజమాని చెప్పాడు. కూతురు తల్లి చెయ్యి పట్టుకుని మెట్లు దింపి తీసుకెళ్ళింది. వెనక్కి తిరగలేదు.

మర్నాడు మధ్యాహ్నం, దుకాణంలో జనం పలచబడే వేళకి, కూతురు ఒక్కతే వచ్చింది. కౌంటరు దగ్గర ఒక ఫ్రేము చేతిలోకి తీసుకుని, దాన్నే చూస్తూ చిన్నగా అడిగింది.

"ఇంకా ఎన్ని రాశావు?"

పావుకు వెంటనే అర్థం కాలేదు.

"పత్రికలో చూశాను. మా ఆయనకి ఈ ఊరు బదిలీ అయింది. ఆఫీసులో ఆ పత్రిక వేయించుకుంటారు, ఇంటికి తెస్తారు. డాబా, నీళ్ళ ట్యాంకు, చెవి కింద మచ్చ. కింద నీ పేరు. ఆయన నా పక్కనే కూర్చుని చదివారు. బాగా రాసిందే ఈ అమ్మాయి అన్నారు. నాకు ముచ్చెమటలు పోశాయి."

"నీ పేరు ఎక్కడా రాయలేదు."

"మచ్చకి పేరెందుకు? లైబ్రరీ గోడ మీద కాగితం చూశాను. ఆదివారం చదువుతావట. పుస్తకం కూడానట. వద్దు. నీకు దణ్ణం పెడతాను, వద్దు."

"మీ ఆయన చెడ్డవాడా?"

"మంచివాడే. అందుకే భయం."

పావుకు కోపం ఒక్కసారిగా పొంగుకొచ్చింది. ఎనిమిదేళ్ళుగా అద్దం ముందు, బస్సులో, యంత్రం దగ్గర వేలసార్లు అడిగి చూసుకున్న ప్రశ్న అది.

"ఆ రోజు ఎందుకలా చెప్పావు?"

"ఏం చెప్పాను?"

"నీకు తెలీదూ?"

ఆమె ఫ్రేమును జాగ్రత్తగా స్టాండులో పెట్టింది. "నాకేం గుర్తులేదు" అంది. ఆ మాట అంటున్నప్పుడు కూడా పావు వైపు చూడలేదు. వెళ్ళిపోయింది.

గుర్తులేదు. దీనికన్నా తిట్టినా బాగుండేది. ఆ సాయంత్రం దాకా పావు రెండు అద్దాలు పాడుచేసింది. ఆమె చేతిలో అద్దం పాడవడం అప్పటిదాకా ఆ దుకాణంలో ఎవరూ చూడలేదు. బుధవారం పంతొమ్మిది కవితలూ ముందేసుకుని కూర్చుంది. అన్నిటిలోనూ మచ్చను ఇంకా పెద్దదిగా రాయాలనిపించింది. ఊరు, వీధి, ఇంటి నెంబరు కూడా. రాస్తే ఆమె ఎక్కడ తలదాచుకుంటుందో చూడాలనిపించింది. అలా అనిపించినందుకు భయం వేసింది.

గురువారం సెలవు పెట్టింది. పొద్దున్నే వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. అత్త కూరలు తరుగుతూ ఓరకంట చూస్తోంది. ఈసారి పావు కవిత మొదలుపెట్టలేదు. తనకు చేతనయిన పని చేసింది, కొలతలు తీసింది. తెల్లకాగితం మీద ముందుగది గీసింది. తలుపు ఇక్కడ. కిటికీ ఇక్కడ. నాన్న కుర్చీ వెనక. అమ్మ బల్ల పక్కన. తను గోడవైపు. టీచరమ్మ తలుపు దగ్గర. పక్కనే కూతురు. ఇద్దరి మధ్యా దూరమెంత?

దూరం లేదు.

పావు పెన్ను ఆగింది. దూరం ఎందుకు లేదంటే, ఆ పిల్ల మణికట్టు టీచరమ్మ గుప్పిట్లో ఉంది. వేళ్ళ చుట్టూ చర్మం తెల్లబడేంత గట్టిగా. ఆ తెలుపును తను చూసింది. అప్పుడే చూసింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తలుచుకోలేదు.

ఇంకా వెనక్కి వెళ్ళింది. ఆ మాటకు ముందు గదిలో ఏమైంది? టీచరమ్మ అడిగింది. ఎవరిని? కూతుర్ని కాదు. మొదట అడిగింది పావునే. "నువ్వు చెప్పవే. ఎవరు మొదలుపెట్టారు?" అప్పుడు తనేం చేసింది? మాట రాలేదు. భయమేసి మేడమీది పిల్ల వైపు చూసింది. ఆ చూపులో ప్రేమ తప్ప ఏమీ లేదని ఇన్నాళ్ళూ అనుకుంది. కానీ గదిలో ఉన్న మిగతావాళ్ళకు అది ఎలా కనిపించి ఉంటుంది? అడిగిన ప్రశ్నకు జవాబులా. వేలెత్తి చూపించినట్టుగా. అందరూ అటు తిరిగారు. గుప్పిట బిగిసింది. అప్పుడు ఆ పిల్ల నోరు తెరిచింది.

ఎనిమిదేళ్ళుగా ఆ కథను పావు ఒక నిమిషం ఆలస్యంగా మొదలుపెడుతోంది.

"ఏమైందే?" అంది అత్త, కత్తిపీట పక్కన పెట్టి. "మొహం అలా అయిపోయిందేం?"

పావు చెప్పింది. కొంచెం ఏడ్చింది. అత్త ఓదార్చలేదు. "ఇరవై ఆరేళ్ళు కిక్కిరిసిన బస్సులో నిలబడ్డాను" అంది. "ఎవరి కాలు ఎవరు తొక్కారో తొక్కినవాళ్ళకే తెలీదు. తొక్కించుకున్నవాళ్ళకి మాత్రం ఇల్లు చేరేదాకా నొప్పి. రాసెయ్. ఇవాళ కూర నేను మాడ్చినా అడగకు."

మధ్యాహ్నానికి కవిత వచ్చింది.

ముందు అడిగింది నన్ను.
పైన పంకా తిరుగుతోంది.
నా నోట్లో నాలుక ఉంది, మాట లేదు.
భయమేసి నీ వైపు చూశాను,
ఇంకెక్కడ చూడాలో తెలియక.
నా చూపు వెనకే అందరి చూపులూ
నీ మీదికి నడిచాయి.
నీ చెయ్యి మీ అమ్మ గుప్పిట్లో ఉంది.
గుప్పిట బిగిసింది.
అప్పుడు నువ్వొక మాటన్నావు.
ఎనిమిదేళ్ళు ఆ మాట దగ్గరే కూర్చున్నాను,
దానికి ముందొక నిమిషం ఉందని మరిచిపోయి.

శుక్రవారం మిగతా పంతొమ్మిదీ మళ్ళీ చదువుకుంది. చెవి కింద మచ్చను మూడు చోట్ల కొట్టేసింది. నీళ్ళ ట్యాంకునూ తీసేసింది. ఆమె బతిమాలిందని కాదు. అవన్నీ సాక్ష్యాలుగా పెట్టినవని ఇప్పుడు తెలిసింది. ఎవరిమీదా నేరం మోపనప్పుడు సాక్ష్యాలతో పనిలేదు.

శనివారం పదకొండింటికి టీచరమ్మ, కూతురు వచ్చారు. కొలతలు తీసే కుర్రాడు వచ్చినా, పావు తనే ముందుకు వెళ్ళింది. కళ్ళజోడు తుడిచి, రెండు చేతులతో టీచరమ్మ మొహానికి పెట్టింది. చెవుల వెనక ఒత్తుకుంటోందేమో వేలితో చూసింది.

టీచరమ్మ రెప్పలు ఆర్పింది. గోడ మీది అక్షరాలు చూసింది, పై వరస నుంచి కింది వరస దాకా. మొహం విచ్చుకుంది. తర్వాత ఎదురుగా ఉన్న మనిషిని చూసింది.

విచ్చుకున్న మొహం అలాగే గడ్డకట్టింది.

"నువ్వా?" అంది.

కూతురు చేతిసంచిని గుండెలకు హత్తుకుంది.

"నా కళ్ళు నీ చేతికి ఇచ్చానా నేను?" టీచరమ్మ గొంతు పెద్దది కాలేదు. స్కూల్లో పిల్లల్ని వణికించే గొంతు అది, తగ్గేకొద్దీ పదునెక్కుతుంది. కళ్ళజోడు తీసి కౌంటరు మీద పెట్టింది. "ఏమండీ, ఇలా రండి. మీ దుకాణంలో పెట్టుకున్న ఈ అమ్మాయి ఎలాంటిదో మీకు తెలుసా?"

యజమాని కౌంటరు అవతలి నుంచి వచ్చాడు. ఇంకో ఇద్దరు కొనడానికి వచ్చినవాళ్ళు తలలు తిప్పారు. పావు చేతులు కౌంటరు మీద ఉన్నాయి. ఈ ఉద్యోగం, ఈ ఊరు, ఈ పేరు అన్నీ ఇంకొక్క మాటలో పోవచ్చు. అయినా ఈసారి ఆమె ఎవరి వైపూ చూడలేదు. టీచరమ్మ కళ్ళలోకే చూసింది.

"తెలుసండీ" అన్నాడు యజమాని. ఆయనకు ఎంత తెలుసో ఈనాటికీ ఎవరికీ తెలీదు. "ఏడిపిస్తుందండీ మమ్మల్ని. పావు పాయింటు తేడా వచ్చినా ఊరుకోదు. ఏం, సైటు కుదర్లేదా?"

టీచరమ్మ కళ్ళు కూతురి వైపు తిరిగాయి. ఏం చెప్పినా డాబా, కూతురు కూడా ఆ మాటలోకి వస్తాయని ఆమెకు అప్పుడే తట్టినట్టుంది.

"మీకు ఇష్టం లేకపోతే వేరే చోట చేయించుకోండి" అంది పావు. "కొలతలు మాత్రం సరైనవే. ఎవరితోనైనా సరిచూపించుకోవచ్చు."

"అమ్మా" అంది కూతురు. ఆ దుకాణంలో ఆమె గొంతెత్తడం అదే మొదలు. "పెట్టుకో. అవి లేకపోతే నీకు మెట్లు కనిపించవు."

"నువ్వు ఊరుకో."

"పెట్టుకోమ్మా."

టీచరమ్మ కూతురు వైపు చూసింది. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మెట్లు దిగి, కారు దగ్గర నిలబడింది.

కూతురు కళ్ళజోడు పెట్టె కోసం ఆగింది. పావు పెట్టెతో పాటు మడత పెట్టని కాగితం ఒకటి కౌంటరు మీద ఉంచింది.

"రేపు చదివేది ఇది. ఇందులో నీ మచ్చ లేదు. మిగతావాటిలోనూ తీసేశాను. చదవాలనిపిస్తే చదువు."

ఆమె నిలబడే చదివింది. రెండోసారి చదువుతున్నప్పుడు కుడిచెయ్యి తనంతట తానే ఎడమ మణికట్టు మీదికి వెళ్ళింది. బయట డ్రైవరు కారు హారన్ కొట్టాడు. కాగితం మళ్ళీ కౌంటరు మీద పెట్టేసింది.

"ఇది నా దగ్గర ఉండకూడదు" అంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"రెండో లైను తప్పు."

"ఏంటి?"

"పంకా తిరగలేదు. ఆ రోజు కరెంటు లేదు."

వెళ్ళిపోయింది. గుర్తులేదన్న మనిషికి పంకా గుర్తుంది. క్షమాపణ కాదు, జవాబూ కాదు. అయినా ఆ గదిలో ఎనిమిదేళ్ళుగా తను ఒక్కతే లేదు. ఆ సంగతి చాలు. అప్పటికప్పుడే లైను కొట్టేసి రాసింది: పైన పంకా ఆగి ఉంది, ఎవరి ఊపిరి వాళ్ళకు వినపడుతోంది. కవిత ఇంకా బాగుపడింది. అందుకు లోపల చిన్నగా నవ్వొచ్చింది కూడా.

ఆదివారం నాలుగింటికి లైబ్రరీలో ముప్ఫై కుర్చీలు వేస్తే ఇరవై రెండు నిండాయి. అత్త ముందు వరసలో, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, టికెట్లు తనిఖీ చేసేవాళ్ళలా అందర్నీ వెనక్కి తిరిగి చూస్తూ కూర్చుంది. మొదటి రెండు కవితలూ పావు తలెత్తకుండా చదివింది. ఎవరో లేచి వెళ్ళిపోతున్న చప్పుడు వినిపించింది. ఆగలేదు. ఈ కవితల్లోని ఇద్దరూ ఆడపిల్లలేనని, అందులో ఒకరు తనేనని అక్కడున్న ఒక్కొక్కరికీ చెప్పినట్టు చెప్పి, ఇరవయ్యోది చదివింది.

చప్పట్లు వచ్చాయి. వెనక వరస నుంచి ఒక పెద్దాయన అడిగాడు, "ఆ రెండో అమ్మాయి ఇప్పుడెక్కడుందమ్మా?"

"తన ఇంట్లో ఉందండీ" అంది పావు. ఆ మాట అంటుంటే కోపం ఎక్కడుందా అని వెతుక్కుంది. దొరకలేదు. దిగులు మాత్రం కొంచెం ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అత్త చెప్పింది, "కవిత బాగుంది. కానీ ఆ గదిలో మీ అమ్మ కూడా ఉంది కదా. దాన్ని తేలిగ్గా వదిలేశావు."

"అది వేరే కవిత అత్తా. దానికింకా కొలతలు తీయలేదు."

పుస్తకం మూడు నెలలకు వచ్చింది. ఒక కాపీ పావు తనే అమ్మానాన్నలకు పంపింది. వాళ్ళ నుంచి ఇంకా ఏ మాటా రాలేదు. దుకాణంలో యజమాని రెండు కాపీలు కొని, ఒకటి కౌంటరు మీద అక్షరాల కార్డు పక్కన పెట్టాడు, దగ్గరి చూపు పరీక్షకు పనికొస్తుందని. అది చదవబోయి చదువుతూ ఉండిపోయినవాళ్ళూ ఉన్నారు.

మొన్నామధ్య లైబ్రేరియనమ్మ కొత్త కవితలు చూసి, "ఇందులో మేడమీది అమ్మాయి లేదేం?" అని అడిగింది. లేదని అప్పటిదాకా పావే గమనించలేదు. ఇప్పుడు రాస్తున్నది, బస్టాపులో ముక్కూ మొహం తెలియనివాళ్ళని కూడా ముందుకు జరగండంటూ గదమాయించే అత్త గురించి. అత్తకు ఇంకా చూపించలేదు.